మిడిల్‌మార్చి నవలలో ఉపమానములు - మనుష్యస్వభావము

అలంకారము కావ్యమునకు సొమ్ము వంటిదని పెద్దలందురు. సొమ్ము వలన పెట్టుకొన్నవారికి అందము కలుగును. అంతియే కాదు, దానిని ఎన్నుకొన్న తీరును బట్టి వారి మనస్సు కూడ కొంత తెలియును. పోలికలును అట్టివే. ఒకరు మఱియొకరిని దేనితో పోల్చుచున్నారో శ్రద్ధగా గమనించినచో, పోల్చబడినవారి సంగతి కంటె పోల్చినవారి సంగతియే మనకు ఎక్కువగా తెలియవచ్చును. ఇందులకు నిదర్శనములు ప్రతి గ్రంథమునను కొన్ని దొరకును. కాని మొదటి పుట మొదలు తుది పుట వఱకు ఈ సత్యమునే ఆధారముగా చేసికొని నడచిన నవల యొకటి ఆంగ్లభాషలో కలదు. దానిని గుఱించి మా సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని మా కోరిక.

ఆ నవల పేరు మిడిల్‌మార్చి. వ్రాసినది స్త్రీ. ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. ఇంగ్లాండులోని వారిక్‌షైరు మండలమున 1819వ సంవత్సరమున జన్మించి, 1880లో కాలధర్మము నొందెను. తన నవలలను జార్జి ఇలియట్ అను పురుషనామముతో ప్రకటించెను. మిడిల్‌మార్చి 1871 డిసెంబరు మొదలు 1872 డిసెంబరు వఱకు ఎనిమిది భాగములుగా వెలువడినది. కథాకాలము అంతకు నలువది యేండ్లు ముందుది. 1832లో పార్లమెంటు సంస్కరణ చట్టము వచ్చుటకు ముందు ఆ దేశమంతయు కలత చెందియున్న దినములవి. మిడిల్‌మార్చి యనునది కల్పితమైన యొక పట్టణము. అచ్చటి పెండ్లిండ్లు, అప్పులు, వీలునామాలు, వైద్యుల స్పర్ధలు, ఇరుగుపొరుగువారి మాటలు - ఇవియే కథావస్తువు. అద్భుతములు లేవు. కాపురములు నిలుచుటయు చెడుటయు మాత్రమే కలవు.

కథలోనికి పోవుటకు ముందు మన ఆలంకారికులు ఉపమకును రూపకమునకును చెప్పిన భేదమును స్మరించుట మంచిది. ముఖము చంద్రుని వలె నున్నదనినచో ఉపమ. ముఖచంద్రుడనినచో రూపకము. మొదటిదానిలో 'వలె' అను చిన్నమాట యొకటి కావలి కాయుచుండును. ముఖము వేఱు, చంద్రుడు వేఱు అని అది మనలను హెచ్చరించుచుండును. రెండవదానిలో ఆ కావలి తొలగిపోయినది. భేదము మఱుగుపడిన ఉపమయే రూపకమని దండి తన కావ్యాదర్శమున తెలిపినాడు. కావ్యమున ఆ మఱుగు చమత్కారమునకు హేతువగును. జీవితమున అదియే ప్రమాదమునకు హేతువగును. మిడిల్‌మార్చిలో పెండ్లి వలన కష్టపడిన వారిని చూడుడు. వారు 'వలె' అను మాటను ఎచ్చట జాఱవిడిచిరో అచ్చటనే వారి కష్టము మొదలగును.

కథానాయిక డొరోతియా. ఆమెకు ఇంకను ఇరువది యేండ్లు నిండలేదు. తల్లిదండ్రులు లేరు. చెల్లెలు సీలియాతో కూడ తండ్రి సోదరుని యింట పెరుగుచున్నది. రూపమునకును ధనమునకును కొఱత లేదు. ఆమె కొఱత వేఱు. ఏదైన గొప్ప పనికి తన జీవితమును అర్పింపవలెనని ఆమె తపించును. పేద కౌలుదారులకు మంచి ఇండ్లు కట్టింపవలెనని పటములు గీయుచుండును. కాని లోకమును అర్థము చేసికొనుటకు తగిన చదువు ఆనాటి ఆడపిల్లలకు చెప్పెడివారు కారు. ఈ ఆకలితో నున్న పిల్లకు కేసాబన్ అను పండితుడు తటస్థించెను. ఆయన లోవిక్ గ్రామమున మతాచార్యుడు. నలువదియైదేండ్లు దాటినవాడు. లోకములోని పురాణగాథలన్నియు ఆదిలో దేవుడు తెలిపిన ఒకే సత్యము చెడిపోగా మిగిలిన తునకలని నిరూపించుటకై అనేక వత్సరములుగా వ్రాతప్రతులు కూర్చుచున్నవాడు.

డొరోతియా ఆయనను చూచి ఏమి తలంచినది? ఆయన ముఖము తత్త్వవేత్తయైన లాక్ చిత్తరువును పోలియున్నదని తలంచినది. ఆయనను పెండ్లాడుట పాస్కల్ మహాశయుని పెండ్లాడిన వలె నుండునని ఊహించినది. అంధుడైన మిల్టను కవికి గ్రంథములు చదివి వినిపించిన కూతుండ్రవలె తానును ఆయనకు సేవ చేయుదునని మురిసినది. ఈ పోలికలలో కేసాబన్ ఎచ్చట నున్నాడు? మేమెంత వెదకినను మాకు కానరాలేదు. కనబడునది డొరోతియాయే. ఆమె విద్యాదాహము, వినయము, గొప్పవారి పాదముల చెంత కూర్చుండవలెనను ఆశ - ఇవియే ఆ మూడు పేర్లలోను తొంగిచూచుచున్నవి. రచయిత్రి ఈ విషయమును మఱియొక పోలికతో విశదపఱచినది. ఆ పండితుని మనస్సు లోతు కొలువని జలాశయమనియు, డొరోతియా అందులోనికి వంగి చూచి తాను తెచ్చిన సద్గుణములనే అందు చూచినదనియు ఆమె భావము. చెఱువులోనికి తొంగిచూచినవారికి మొదట కనబడునది తమ మొగమే కదా!

మొదట ఆమె 'పాస్కల్ వలె' అనియే అనుకొన్నది. కొలది దినములకే ఆ 'వలె' అణగిపోయినది. ఆయన మహాపురుషుడే అయిపోయినాడు. పెండ్లియు జరిగిపోయినది.

చెల్లెలు సీలియా ఏమి చూచినదో వినుడు. పండితుని మొగము మీది తెల్లని పుట్టుమచ్చలను, వాని మీది వెండ్రుకలను చూచినది. ఆయన పులుసు త్రాగునపుడు చప్పుడగుటను వినినది. సీలియాకు పోలికలతో పని లేదు. ఉన్నది ఉన్నట్లు చూచును. ఇది చదివినపుడు మనకు నవ్వు వచ్చును, అక్క కంటె చెల్లెలే తెలివిగలదనియు తోచును. కాని రచయిత్రి సీలియాకు పూర్తిగా మార్కులు వేయలేదు. ఏలయనగా, పుట్టుమచ్చను చూచిన ఆ కన్నులకు అక్క మనస్సులోని ఆకలి కనబడలేదు. పోలికలు బొత్తిగా లేని చూపు పైపొరతోనే ఆగిపోవును. కావున పోలిక చెడ్డదని ఈ నవల చెప్పుట లేదు. దానిని ఎట్లు వాడవలెనో మాత్రమే చెప్పుచున్నది.

ఇక వరుని పోలికలు. కేసాబన్ తన బ్రహ్మచర్యకాలమంతయు ఒక నిల్వధనమనియు, అనుభవింపక దాచిన సుఖమునకు ఇన్నేండ్ల చక్రవడ్డీ చేరియుండుననియు, పెండ్లియైన పిమ్మట దానిని వలసినంత తీసి ఖర్చుపెట్టుకొనవచ్చుననియు లెక్క కట్టుకొన్నాడు. పాపము, ప్రేమ యనునది బ్యాంకులో వేసిన సొమ్ము కాదని ఆయనకెవ్వరును చెప్పలేదు. వాడుచుండిననే పెరుగునది, వాడకున్న ఎండిపోవునది అది. మఱియొకచోట ఆయన అనురాగప్రవాహమున మునుగుదమని నిశ్చయించుకొని దిగి చూడగా, అది చీలమండలకైన రాని సన్నని కాలువయని తెలిసి ఆశ్చర్యపడెను. ఆ కొఱత తనలో నున్నదని ఆయనకు తోచలేదు. ప్రవాహములను గుఱించి కవులే అతిశయోక్తులు పలికిరని తీర్మానించుకొనెను. ఆ చక్రవడ్డీ ఘట్టముననే రచయిత్రి, పెద్దలనక చిన్నలనక మనుష్యులందఱును తమ పోలికలలో తామే చిక్కుకొని, వాని బలముననే చేటు తెచ్చెడి పనులకు పూనుకొందురను సత్యమును బయటపెట్టినది. ఈ నవల కంతకు ఇదియే కీలకమని మా యభిప్రాయము.

పెండ్లియైన వెంటనే దంపతులు రోమునగరమునకు పోయిరి. అచ్చట డొరోతియా కన్నులు తెఱచుకొన్నవి. భర్త మనస్సున విశాలమైన వెలుతురు, చల్లని గాలి యుండునని ఆమె తలంచియుండెను. ఉన్నవి చావడులు, వంకర నడవలు. అవి ఏ గదికిని చేరవు. ఆ నడవలలో ఆయన చిన్న దీపమొకటి చేతబట్టి తిరుగుచు, కిటికీలు లేవని మఱచి, సూర్యరశ్మినే కోరనివాడైపోయినాడు. సముద్రయానమునకు బయలుదేఱితిమని నమ్మిన వారికి, పడవ చుట్టును గట్లు గల కొలనులోనే తిరుగుచున్నదని తెలిసినప్పటి దిగులు వంటిది ఆమె దిగులు. నిన్న జలాశయము, నేడు ఇఱుకు నడవ. కేసాబన్ మాఱలేదు. మాఱినది ఆమె చూపు.

ఇంతవఱకు వ్రాసి ఊరకున్నచో ఈ నవల వృద్ధపండితుని వెక్కిరించు ప్రహసనమైయుండెడిది. ఊరిలో అట్టి వెక్కిరింతలకు కొదువ లేదు. శ్రీమతి కాడ్వలాడర్ అను చతురురాలు, కేసాబన్ ఒంటిలో ప్రవహించునది నెత్తురు కాదనియు, అచ్చుపుస్తకములోని విరామచిహ్నములనియు ధ్వనించునట్లు హాస్యమాడును. ఆ మాటకు నవ్వనివారుండరు. కాని ఆ పోలిక బయట నిలిచి విసరిన రాయి. అది ఆమె చమత్కారమును తెలుపును, ఆమెలో జాలి ఎంత తక్కువయో కూడ తెలుపును. రచయిత్రి నడుమ కథను ఆపి, ఎల్లప్పుడును డొరోతియా పక్షముననే చూడనేల యని తన్ను తానే ప్రశ్నించుకొన్నది. ప్రశ్నించుకొని, కేసాబన్ ఆత్మను, పుట్టిన బురదనేలలోనే ఱెక్కలు తపతపలాడించుచు, ఎగురుటను గుఱించి తలంచుటయే గాని యెన్నడును ఎగురలేని పక్షిపిల్లతో పోల్చినది. ఈ పోలిక లోపలికి పోయి చూచినవారికి మాత్రమే దొరకును. దీనిని చదివిన పిమ్మట ఆయనను చూచి మనము నవ్వలేము. ఆయన చేసిన అన్యాయమును మన్నింపనక్కఱలేదు. తన మరణానంతరము భార్య తన బంధువైన లాడిస్లాను పెండ్లాడినచో ఆస్తి యంతయు పోవునట్లు వీలునామాకు అనుబంధము వ్రాసిన మనుష్యుడాయన. ఆ వృత్తాంతము గల ఐదవ భాగమునకు రచయిత్రి పెట్టిన పేరు 'మృతహస్తము'. అయినను ఆ చేయి ఎంత భయముతో వణకిన చేయియో పక్షిపిల్ల పోలిక మనకు తెలుపుచున్నది.

రెండవ కాపురము లిడ్గేటు అను యువవైద్యునిది. పారిసు నగరమున చదివినవాడు. శరీరధాతువుల మూలతత్త్వమును కనుగొనవలెనని సూక్ష్మదర్శినితో పరిశోధనలు చేయువాడు. జ్వరపీడితులకు ఆసుపత్రి నడుపవలెనని యత్నించువాడు. తన శాస్త్రమున రుజువు లేక ఏ మాటను ఒప్పుకొననివాడు. అట్టివాడు స్త్రీ విషయమున మాత్రము పాట వంటిది భార్య, పూలతోట వంటిది ఇల్లు, నీలాకాశము వంటివి కన్నులు అనుకొని తృప్తిపడెను. డొరోతియా వంటి స్త్రీతో మాటలాడుట అలసివచ్చినవాడు మరల బడిపిల్లలకు పాఠము చెప్పబోవుట వంటిదని అతనికి తోచెను. ఈ పోలికలన్నింటిలోను భార్య అతని విశ్రాంతికొఱకు ఏర్పడిన వస్తువే. ఆమెకును ఒక సంకల్పముండునని అతనికి తోచనే లేదు. అతడు పెండ్లాడిన రోజమండు నగరాధ్యక్షుని కూతురు, సౌందర్యవతి, సంగీతము నేర్చినది. గొప్ప వంశమున పుట్టిన ఈ పరాయి యూరివాడు తన్ను పై మెట్టునకు ఎక్కించునని ఆమె ఆశ. ఇద్దఱును ఎదుటివారిలో తమ కోరికనే చూచుకొనిరి.

రోజమండు స్వభావమును తెలుపుటకు రచయిత్రి వాడిన పోలిక మన యింటిలోనిదే. నునుపుగా తోమిన లోహపు పలక మీద పనిమనిషి తోముటవలన ఏర్పడిన గీతలు నలుదిక్కులకును వ్యాపించియుండును. దాని యెదుట ఒక దీపము పెట్టినచో, ఆ గీతలన్నియు ఆ దీపము చుట్టునే వలయములుగా అమరియున్నట్లు కనబడును. దీపమును జరిపినచో వలయములును జరుగును. మన యిత్తడి పళ్లెముల నొద్ద దీపము పెట్టి సోదరీమణులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. గీతలు లోకములోని సంఘటనలు. దీపము మన 'నేను'. వాన కురిసినను, ఒకరికి జబ్బు చేసినను, ఇతరులు ఊరు విడిచి పోయినను, అంతయు తనకొఱకే ఏర్పాటైనదని రోజమండు నమ్మును. రచయిత్రి ఆమెను ఉదాహరణముగా చూపినది గాని, ఆ దీపము ప్రతివారి చేతిలోను కలదని తెలియజేయుట మఱువలేదు.

ఆ కాపురము అప్పులలో మునిగెను. లిడ్గేటు పరిశోధనలు మూలబడెను. ధనికులకు వైద్యము చేసి సంపాదించుకొనుచు ఏబదియేండ్లకే అతడు కన్నుమూసెను. అంతకు ముందొకసారి అతడు భార్యను ఒక మొక్కతో పోల్చెను. అది తులసిజాతికి చెందిన సువాసనగల మొక్క. హతుడైన మనుష్యుని మెదడును ఎరువుగా తిని ఏపుగా పెరిగినదని ఇటలీదేశపు పాతకథ ననుసరించి అతడు చెప్పెను. మనము కోటకట్టి పూజించు తులసికి చుట్టమైన మొక్క ఆ యింట ఎట్టి యుపమానమునకు పాల్పడినదో చూడుడు! పాటతో మొదలైన పోలిక ఇచ్చటికి వచ్చినది. అయినను న్యాయము చెప్పవలసియున్నచో, ఈ రెండవ పోలికయు లిడ్గేటు స్వభావమునే తెలుపుచున్నది. భార్యను పాటయనినవాడును ఆమె యెవ్వరో విచారింపలేదు, మొక్కయనినవాడును విచారింపలేదు.

వీరి నడుమ మేరీ గార్తు అను సాధారణరూపముగల పిల్ల యొకతె యున్నది. ఆఱేండ్ల వయసున గొడుగునుండి కోసిన ఇత్తడి యుంగరము నామె వ్రేలికి తొడిగి పెండ్లాట ఆడిన ఫ్రెడ్డు, పెద్దవాడై సోమరిగా తిరుగుచు అప్పులు చేసెను. అతనికి హామీ యున్న ఆమె తండ్రి చెల్లింపవలసిరాగా, మేరీ కూడబెట్టుకొన్న 24 పౌనులలో 18 పౌనులును, తల్లి దాచిన 92 పౌనులును తీయవలసివచ్చెను. మేరీ ఫ్రెడ్డును ఏ మహాపురుషునితోను పోల్చలేదు. పనిలో కుదురుకొననిదే పెండ్లి మాట తలపెట్టవద్దని నిష్కర్షగా చెప్పెను. అతడు పని నేర్చుకొని మనిషియైన తరువాతనే పెండ్లాడెను. ఈ నవలలో చల్లగా సాగిన కాపురము వారిదే. మేరీ అతని లోపములను చిన్ననాటినుండి ఎఱుగును, ఎఱిగియే ప్రేమించెను.

డొరోతియా కథకు ముగింపు చెప్పవలసియున్నది. భర్త పోయిన పిమ్మట, తాను ప్రేమించిన లాడిస్లా రోజమండు నొద్ద చనువుగా నుండుట చూచి, అపార్థము చేసికొని, ఆమె ఒక రాత్రి నేలబడి ఏడ్చెను. తెల్లవాఱిన పిమ్మట కిటికీ తెఱ తొలగించి చూచెను. దారిమీద మూట మోయుచు ఒక పురుషుడు, బిడ్డ నెత్తుకొని ఒక స్త్రీ పోవుచుండిరి. ఆమె వారిని దేనితోను పోల్చలేదు. వారు వారే. లోకము తన దుఃఖమునకు బయట ఇంత విశాలముగా పనిచేయుచున్నదని ఆమెకు తెలిసెను. వెంటనే బట్టలు మార్చుకొని, తన్ను నొప్పించిన రోజమండు ఇంటికే పోయి, ఆమె కాపురము నిలువబెట్టుటకు ప్రయత్నించెను. పోలికలతో మొదలైన డొరోతియా చదువు ఆ కిటికీ నొద్ద పూర్తియైనదని మేము తలంచుచున్నాము. ఆ సాయమునకు కరిగి రోజమండు నిజము చెప్పెను. డొరోతియా ఆస్తిని విడిచి లాడిస్లాను పెండ్లాడెను.

చివరి పుటలో రచయిత్రి ఆమెకు ఒక పోలిక నొసగినది. పారసీక చక్రవర్తి కైరస్, గిండీస్ అను నదిపై కోపించి దానిని 360 కాలువలుగా చీల్పించెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసెను. డొరోతియా జీవితమును అట్టి నదియే. పేరుగల మహానదిగా సముద్రమును చేరలేదు. పేరులేని కాలువలుగా చీలిపోయినది. ఐనను ఆ నీరు పాఱిన చోట్ల నున్నవారికి మేలు కలిగినది. ఈ పోలికలో అతిశయము లేదు, వెక్కిరింత లేదు. నష్టమును దాచలేదు, ఫలమును మఱువలేదు.

ఈ నవల నుండి మన యిండ్లకు వచ్చునదేమి? మనమును దినమునకు ఎన్నో పోలికలు పలుకుచుందుము. పెండ్లికి వచ్చిన ఆడపిల్లను 'గుండెల మీది కుంపటి' అందుము. ఇందులో పిల్లను గుఱించి ఏమి తెలిసినది? ఏమియు లేదు. తండ్రి భయము, కట్నముల బరువు మాత్రమే తెలిసినవి. కాని ఆ మాట వినుచు పెరిగిన పిల్ల తాను నిప్పునని నమ్మును. ఇది 'వలె' కూడ లేని రూపకము. 'ఆవు వంటి కోడలు' అని మెచ్చుకొందుము. అందు కోడలి మనస్సు కనబడునా, నోరెత్తని మనిషి కావలెనను మన కోరిక కనబడునా? సంబంధము చూచి వచ్చి 'పిల్లవాడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడే' యనునపుడును మనము మన యాశనే వర్ణించుచున్నాము.

పోలికలు మానుకొనుడని మేము చెప్పము. మానుట భాషకు సాధ్యము కాదు, మనస్సునకును సాధ్యము కాదు. కాని ఒక మనిషిని గుఱించి పోలిక నోటికి వచ్చినపుడు, ఇది ఆ మనిషి లోపలికి పోయి చూచి చెప్పుచున్న మాటయా, నా దీపము చుట్టును ఏర్పడిన వలయమా యని క్షణము విచారింపవచ్చును. ముఖ్యముగా ఒకరికి మన పిల్ల నిచ్చునపుడును, ఒకరి పిల్లను మన యింటికి తెచ్చుకొనునపుడును ఆ విచారణ తప్పక చేయవలెను. డొరోతియాకు ఆ మాట చెప్పువారు లేకపోయిరి. మన పిల్లలకు చెప్పుటకు మనమున్నాము.